నత్తగుల్ల కొంగకు నచ్చిన చెరువు

బెజవాడనుండి బందరు పోవు రహదారిమీద ఉయ్యూరు దాటునపుడు కంటికి పచ్చదనమునకు కొదవ లేదు. 1941 నుండి కె.సి.పి. వారు నడుపుచు వచ్చిన చక్కెర కర్మాగారమువలనను, వీరమ్మతల్లి తిరునాళ్ళవలనను పేరెన్నికగన్న యీ ప్రాంతమున ప్రకృతివనము కావలెననుట కొందరికి విడ్డూరముగా తోపవచ్చును. కాని పైరు పచ్చదనము వేఱు, వనము పచ్చదనము వేఱు. చెరకుతోట కోతకు వచ్చిననాడు పిట్టకు నిలువ నీడ ఉండదు. ఇక వనమునకు నేల యెక్కడిది? కాలువకింద రెండు పంటలు పండు మాగాణిని కొని మొక్కలు నాటుట శ్రీమంతులకు చెల్లునుగాని పంచాయతీకి చెల్లదు. కావున స్థలము వెదకువాడు ముందుగా పోవలసినది ఊరి మంచినీళ్ళ చెరువు గట్టునకు.

1855లో కృష్ణకు ఆనకట్ట పూర్తియైనది మొదలు, 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చిన పిమ్మటను, డెల్టా గ్రామములు కాలువల రాకపోకల ననుసరించియే బ్రతుకుచున్నవి. వేసవిలో కాలువలు కట్టివేయుదురు. కట్టకముందే తూములెత్తి చెరువులు నింపుకొందురు. బిందెలు దిగు రేవులలో ఆ నీరే తొలకరి దాక ఊరి దాహము తీర్చెడిది. కుళాయి నీరును, టిన్నులతో కొను నీరును వచ్చిన తరువాత ఈ చెరువులలో పెక్కింటికి పని తప్పినది. పని తప్పిన చెరువు గుఱ్ఱపుడెక్క పాలో, చెత్త పాలో, చేపల పాట పాలో అగుచున్నది.

ఇట్టి చెరువును వనముగా మార్చుదమని ఎవరైన పూనుకొన్నచో మొట్టమొదట జరుగునది గట్టు చుట్టును రాతిపరుపు, దానిమీద సిమెంటు బాట, మూలనొక ఫైబరు జిరాఫీ. జిరాఫీ సంగతి అటుంచుదము. అది ఎవరికిని హాని చేయదు. హాని చేయునది రాతిపరుపు. చెరువు అంచున నాలుగు వ్రేళ్ళ లోతు నీటిలో నత్తగుల్ల కొంగ నడచునపుడు చూడుడు: దాని ముక్కు రెండు దళములును కొనయందు కలియును, నడుమ సందు మిగులును, బురదలోనికి ముక్కు దించి, కొంతసేపు తడవి, నత్తను పట్టి, గుల్లనుండి మాంసమును మాత్రము ఊడదీసి మ్రింగును. ఆ పక్షికి కావలసినది ఏటవాలుగా దిగు మెత్తని ఒడ్డు, జమ్ము, తుంగ, వానిని పట్టుకొని బ్రతుకు నత్తలు. నిటారుగా పేర్చిన రాతిపై కొంగ దిగదు. కావున గట్టులో ఒక్క పార్శ్వమైన మట్టితోనే, పార తగులకుండ విడువవలెను. ఇందుకు ఖర్చేమియు లేదు, బహుశః అందువలననే అంచనాలలో దీనికి చోటు దొరకదు.

గుంటూరు చేరువనున్న ఉప్పలపాడు చెరువును ఏ శిల్పియు రూపింపలేదు. అచటి నీటిలో మొలచిన తుమ్మచెట్లమీద ఎఱ్ఱకాళ్ళ కొంగలును గూడబాతులును గూళ్ళు కట్టినవి, గ్రామస్థులు వానిని కాచినారు; చెట్లు చాలకపోగా ఇనుప పందిళ్ళు నిలిపినారు, పక్షులు వానిమీదను కాపురము పెట్టినవి. రెట్టల ఘాటునకు చెట్లు ఏండ్లమీద చచ్చుననుట పక్షుల ఊళ్ళవారు ఎరుగుదురు. 1976లో అభయారణ్యమైన నేలపట్టున కడప చెట్లు నీటిలో నిలిచి గూళ్ళు మోయుచున్నవి. రెట్టలు కలిసిన ఆ చెరువునీరు పొలములకు ఎరువగుచున్నది. ఉయ్యూరు చెరువుల విషయమున నేర్వవలసినది ఇదియే: నడుమ రెండు మట్టిదిబ్బలు, ఒకదానిమీది చెట్లు అలసిపోవువేళకు రెండవదానిమీది చెట్లు అందిరావలెను. దిబ్బచుట్టును నీరు లోతుగా నుండవలెను; లేనియెడల కాలువలు కట్టిన వేసవిలో కుక్కలు నడచివచ్చి పక్షిపిల్లలను తినును. చెరువునకు నీరు పంటకాలువనుండియే రావలెను. ఎరువులును పురుగుమందులును మోసికొనివచ్చు మురుగుకాలువ నీటిని, ఎంత చవుకగా దొరకినను, రానీయరాదు.

అసలు చిక్కు నీటిది కాదు, పాటది. చేపల పాట పంచాయతీకి రాబడి. పాట పాడినవాడు పక్షిని బాణసంచాతో తోలును, అతనిని తప్పుపట్టుటకును వీలులేదు, పెట్టుబడి అతనిది. ఈ రాబడి మాట ఎత్తకుండ వనము మాట ఎత్తుట ఆత్మవంచన. కొల్లేరు మనకు దూరము కాదు: 1999లో అయిదవ కాంటూరు (సమోన్నత రేఖ) వరకు అభయారణ్యమని ప్రకటించిరి, 2002లో అంతర్జాతీయ చిత్తడినేలల రామ్‌సర్ జాబితా కెక్కినది, 2006లో చేపలచెరువుల గట్లు తెంచిరి, తెగిన గట్లలో పెక్కు మరల లేచినవి, ఆ గట్లమీద బ్రతుకువారికి వేఱు దారి చూపకపోవుటయే అందుకు ప్రధాన కారణమని నా తలంపు. ఊరికి మూడు చెరువులున్నచోట రెంటిని పాటకు విడిచి, మూడవదాని పాట సొమ్మును పైనుండి ఎవరు భర్తీచేయుదురో ముందుగా తేల్చి, గట్టుమీద కావలివానిని ఆ ఊరి మత్స్యకారులలోనుండియే నియమించి, పిదప తీర్మానము వ్రాయవలెను. జిరాఫీని కావలసినచో బడి ఆవరణలో పెట్టుకొందురు గాక.