పాత బావుల వేడి ఎవరికి?

కోనసీమలో గ్యాస్ బావి అనగానే గుర్తొచ్చేది 1995 జనవరిలో పాశర్లపూడిలో ఎగసి 65 రోజులు ఆరని మంట. అందుకే ఖాళీ అయిన బావుల్లోంచి వేడి తోడదామంటే పల్లెలు అనుమానంగా చూస్తాయి, తప్పు లేదు. అయినా ఆలోచన తోసిపుచ్చదగ్గది కాదు. నేలలోకి కిలోమీటరు దిగితే వేడి సుమారు 25 నుంచి 30 డిగ్రీలు పెరుగుతుంది. ఇక్కడి బావులు చాలావరకు అంతకు కొన్ని రెట్ల లోతు. గొట్టంలో గొట్టం దింపి నీటిని లోపలే తిప్పితే పైకి వచ్చేది వేడే. గోదావరి ఎగువన మణుగూరు దగ్గర పగిడేరులో, బొగ్గు కోసం వేసిన పాత బోరులో ఉబికే వేడినీటితో సింగరేణి 20 కిలోవాట్ల విద్యుత్ ప్లాంటు పెట్టింది. డెల్టాకు ఆ కరెంటు మోజు వద్దు (20 కిలోవాట్లతో ఓ మోస్తరు రైస్‌మిల్లు కూడా ఆడదు). ఐరోపాలోలా ఇళ్లు వెచ్చబెడతామంటే రాజమండ్రిలో నవ్వుతారు. ఇక్కడ కావాల్సింది ఆరబెట్టే వేడి. నవంబరు తుఫానుకు కళ్లంలో ధాన్యం తడిసి తేమ 17 శాతం దాటిందా, కొనుగోలు కేంద్రంలో పేచీ మొదలు. ఎండుకొబ్బరికీ ఎండుచేపలకూ ఎండే దిక్కు. వేడిని దూరం మోయలేం కాబట్టి, ఓఎన్‌జీసీ ఊరి పక్క బావిని సిమెంటుతో మూసేముందు అక్కడే ఒక డ్రయ్యర్ పెట్టి చూపాలి, గొట్టాల తనిఖీ నివేదికను పంచాయతీ గోడకు అంటించి మరీ.