పొగ రాని డీజిల్ ఉందా?

సూళ్లూరుపేటలో రాకెట్ అంటే చిన్నపిల్లలు కూడా షార్ వైపు చెయ్యి చూపిస్తారు. ఇస్రో తయారుచేస్తున్న కొత్త సెమీ క్రయోజెనిక్ ఇంజిన్‌లో పోసేదేంటో తెలుసా? కిరోసినే! కాకపోతే మలినాలు బాగా తీసేసిన కిరోసిన్. దానికి ‘ఇస్రోసీన్’ అని ముద్దుపేరు. మామూలుగా కిరోసిన్, డీజిల్ ముడిచమురు నుంచి వస్తాయి. అయితే చమురు చుక్క లేకుండా కూడా వీటిని చేయొచ్చు.

ముడిసరుకు కార్బన్ మోనాక్సైడ్. తలుపులన్నీ మూసి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుంటే ప్రాణం తీసే గ్యాసే ఇది. బొగ్గును పూర్తిగా మండనివ్వకుండా నీటి ఆవిరి, కాస్త ఆక్సిజన్‌తో వేడిచేస్తే ఈ గ్యాసూ, హైడ్రోజనూ వస్తాయి. రెంటినీ ఇనుము లేదా కోబాల్ట్ ఉత్ప్రేరకం మీదుగా పంపితే నూనెలు, మైనం తయారవుతాయి. 1925 ప్రాంతంలో జర్మనీలో ఫిషర్, ట్రాప్ష్ కనిపెట్టిన పద్ధతి ఇది. దక్షిణాఫ్రికా సాసోల్ కంపెనీ 1955 నుంచి బొగ్గుతో ఇలాగే పెట్రోలు, డీజిల్ తీస్తోంది.

ఈ డీజిల్‌లో గంధకం దాదాపు ఉండదు. పొగకు కారణమయ్యే ఆరోమాటిక్ పదార్థాలూ చాలా తక్కువ. సులువుగా అంటుకునే గుణాన్ని చెప్పే సీటేన్ నంబరు మన బంకు డీజిల్‌కి కనీసం 51 ఉండాలి. దీనికి 70 దాటుతుంది. అంటే మన ఊరి మీదుగా చెన్నై హైవేలో పోయే లారీలు దీంతో నడిస్తే మసి బాగా తగ్గుతుందన్నమాట.

లోపాలూ ఉన్నాయి. ఇది తేలిక కాబట్టి లీటరుకు మైలేజీ కొంచెం తగ్గుతుంది. జిడ్డుదనం తక్కువ గనక పంపు అరగకుండా వేరే మందు కలపాలి.

హైదరాబాద్‌లో బీహెచ్ఈఎల్ 2021లో బూడిద ఎక్కువుండే మన బొగ్గుతోనే రోజుకి పావు టన్ను మిథనాల్ తీసి చూపింది. ఇదీ ఆ గ్యాసుల నుంచే, ఉత్ప్రేరకం వేరు. అయితే లీటరు మిథనాల్‌లో పెట్రోలులో ఉన్న శక్తిలో సగమే ఉంటుంది. పైగా విషం, పొరపాటున తాగితే కళ్లు పోతాయి.

అసలు చిక్కు వేరే ఉంది. బొగ్గుతో చేసిన డీజిల్‌కి ఫ్యాక్టరీలో వెలువడేది కూడా కలిపితే, కార్బన్ డయాక్సైడ్ మామూలు డీజిల్‌కి ఇంచుమించు రెట్టింపు. లారీ గొట్టం దగ్గర తగ్గిన కాలుష్యం ఫ్యాక్టరీ గొట్టం దగ్గర పెరిగిందన్నమాట! బొగ్గు బదులు వ్యవసాయ వ్యర్థాలు వాడినా, పట్టి తెచ్చిన కార్బన్ డయాక్సైడ్‌కి సోలార్ కరెంటుతో తీసిన హైడ్రోజన్ జతచేసినా ఈ లెక్క మారుతుంది. ఖర్చు మాత్రం ఇంకా ఎక్కువే. కాబట్టి ‘క్లీన్ డీజిల్’ అని ఎవరైనా చెబితే, దేంతో చేశారండీ అని ముందు అడగండి.