సృష్టి ఎందుకొరకు?



2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి, ఉద్దానంలోని కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చిన సంగతి మన జిల్లా మరువలేదు. తరువాత పరామర్శకు వెళ్లినప్పుడు, పడిన చెట్ల మధ్య కూర్చున్న ఒక వృద్ధ విశ్వాసి నన్నడిగాడు: "అయ్యగోరూ, పడగొట్టీడానికేటి దేముడీ నోకం సేసినాడు?" నా దగ్గర జవాబు లేదు. చేయి పట్టుకొని ప్రార్థించి వచ్చేశాను.

ఇంటికి వచ్చి కొలొస్సయులకు వ్రాసిన పత్రిక మొదటి అధ్యాయము తెరిచాను. నక్షత్రమైనా కొబ్బరిచెట్టైనా క్రీస్తు కొరకే కలిగినదని పౌలు భక్తుని బోధ. అంటే లోకానికి గురి మన సుఖం కాదు, ఆయన మహిమ. ఆ మహిమలో మనకూ పాలున్నది. రోమా 8వ అధ్యాయములో సృష్టి మూలుగును అపొస్తలుడు ప్రసవవేదనతో పోల్చాడు, మరణవేదనతో కాదు. ప్రసవవేదన చివర బిడ్డ ఉంటుంది.

ఆ తుఫాను ఎందుకు వచ్చిందో నేటికీ నేను చెప్పలేను. అయితే మరుసటి ఏడు వెళ్లేసరికి ఆ పెద్దాయన కొబ్బరి మొక్కలు నాటుతున్నాడు. "కాపు నాను సూడకపోవచ్చు, మనవలు తింటారు" అన్నాడు. ఏదెనులో ఆదాముకు దేవుడు అప్పగించిన పని ఇదే కదా!

ప్రియ చదువరీ, మీకు అప్పగించిన తోట ఏది?

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.