తెరమీద కట్టే వ్యోమనౌక



రాకెట్ బొమ్మంటే పిల్లలకు ఎంత ఇష్టమో మనకు తెలియనిది కాదు. డెన్మార్క్‌లోని లెగో సంస్థ 1979లో ‘గెలాక్సీ ఎక్స్‌ప్లోరర్’ అనే వ్యోమనౌక బొమ్మను విడుదల చేసింది. నీలం, బూడిదరంగు ప్లాస్టిక్ ఇటుకలు, పసుపుపచ్చని అద్దాలు దాని గుర్తులు. 2022లో అదే నౌకను 1,254 ముక్కలతో పెద్దదిగా చేసి మళ్లీ తెచ్చారు. అంత వెల పెట్టడం అన్ని కుటుంబాలకూ సాధ్యం కాదు.

అయితే కంప్యూటరు ఉన్న ఇంట్లో ఒక్క ఇటుక కూడా కొనకుండా అలాంటి నౌకను తెరమీద కట్టవచ్చు. ఆస్ట్రేలియాకు చెందిన జేమ్స్ జెస్సిమన్ 1995లో ‘ఎల్‌డ్రా’ అనే ప్రోగ్రామును తయారుచేసి ఉచితంగా అందరికీ ఇచ్చారు. 1997లో ఆయన చిన్న వయసులోనే కన్నుమూసినా పని ఆగలేదు. అభిమానులు ఒక్కొక్క ముక్కనూ గీసి నేటికీ చేరుస్తూనే ఉన్నారు.

ఒక్క సంగతి మరువకూడదు. తెరమీద బరువు ఉండదు, ఇటుకలకు కొదువా ఉండదు. ఆధారం లేని రెక్క కూడా గాలిలో నిలుస్తుంది. కాబట్టి పిల్లల పక్కన కూర్చుని, “ఏ ముక్క దేనిని పట్టుకుంది? చేత్తో ఎత్తితే విరగదా?” అని అడుగుదాం. పాత నౌకలో ఉన్నవి 338 ముక్కలే; అంతలోనే కట్టమందాం. హద్దు ఉన్నచోటనే ఆలోచన పదునెక్కుతుంది.