మన భయం కథ గుంపు పక్షాన నిలబడింది

తెలుగులో భయానక సాహిత్యం రాసినవాళ్ళం, అచ్చేసినవాళ్ళం, తెల్లారేదాకా మేలుకుని చదివినవాళ్ళం, చీదరించుకుని పక్కకు తప్పుకున్నవాళ్ళం, అందరం ఒకే బోనులో నిలబడాలి. నలభై ఏళ్ళకు పైగా మన కథల్లో చేతబడి చేసినవాడు దోషి, ఊరు బాధితురాలు. మన పల్లెల్లో జరిగిందేమో దీనికి పూర్తిగా తలకిందులు. అక్కడ చచ్చిపోయింది చేతబడి చేశారని అనుమానం పడ్డవాళ్ళు. చంపింది ఊరు. ఈ సంగతి మనకు తెలియక కాదు. పేపర్లో చదివాం. కొందరం ఆ ఊళ్ళలో పుట్టినవాళ్ళమే. తెలిసి కూడా కథ మార్చలేదు. మన నేరం అదే.

మెదక్ జిల్లా అనగానే ఒక తరానికి బాణామతి అనే చేతబడి గుర్తొస్తుంది. 1980ల్లో అక్కడి పల్లెల్లో ఉన్నట్టుండి మనుషులు కేకలు వేసేవారు, మెలికలు తిరిగిపోయేవారు. ఎవరో చేశారన్నారు. ఆ 'ఎవరో' ఎవరన్నది గుంపు తేల్చింది. మంత్రం స్పష్టంగా పలకకుండా చేయాలని అనుమానితుల పళ్ళు పీకారు. కొట్టారు, తగలబెట్టారు. ప్రభుత్వ బృందాలు, మనోవైద్యులు, ఇంద్రజాలికులు ఊళ్ళు తిరిగి ఇది మనసుకు పట్టిన జబ్బనీ, లోపల అణిగిన బాధ ఒంటి మీదికి వచ్చే తీరనీ ఓపిగ్గా చెప్పారు. 1988లో పుట్టిన జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు మంత్రగాళ్ళ కిటుకులు జనం ముందు విప్పి చూపించారు. ఎవరి పళ్ళు ఊడాయో చూస్తే చాలు, విషయం అర్థమవుతుంది. మొగుడు పోయి ఒంటరిగా మిగిలిన ఆడమనిషి, ఆకుపసరు మందిచ్చే ముసలాయన, గట్టు తగాదాలో వెనక్కి తగ్గనివాడు, వాడలో ఎదురు మాట చెప్పగలిగినవాడు. దెయ్యం పేరు పెట్టి ఊరు తీర్చుకున్న లెక్కలివి.

సరిగ్గా ఆ దశాబ్దంలోనే మన వారపత్రికలను క్షుద్ర సీరియళ్ళు ఏలాయి. ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' వస్తున్నప్పుడు పాఠకులు వారం వారం ఎంత ఆత్రంగా ఎదురుచూశారో ఆ తరంలో ఎవరినడిగినా చెబుతారు. ఆ నవల శిల్పాన్ని తక్కువ చేసి మాట్లాడటం అన్యాయం. ఒక పసిపిల్ల ప్రాణాన్ని మధ్యలో పెట్టి, వైద్యాన్నీ క్షుద్రాన్నీ పక్కపక్కనే నడిపిన నిర్మాణం అది. తెలుగు వచనానికి ఒక కొత్త వేగం నేర్పింది. దాని తర్వాత 'తులసి' వచ్చింది, 1986లో 'కాష్మోరా' సినిమా వచ్చింది. ఆ దారిన పడి రాసినవాళ్ళం మాత్రం అందులోని సందేహాన్ని వదిలేసి కాష్మోరా అనే క్షుద్రశక్తిని ఒక్కదాన్నే తెచ్చుకున్నాం. నిమ్మకాయలు, సూదులు గుచ్చిన బొమ్మ, శ్మశానంలో ముగ్గు: ఇవుంటే సీరియల్ నడిచింది. మన మంత్రగాడికి ఇల్లుండదు, పెళ్ళాం పిల్లలుండరు, పొలం తగాదా ఉండదు. అవన్నీ ఉంటే పాఠకుడు అతని గురించి కూడా ఆలోచించేవాడు. ఆలోచించనివ్వకుండా రాయడమే నేర్పు అనుకున్నాం.

రంగనాయకమ్మ ఊరుకోలేదు. 'తులసిదళం కాదు గంజాయి దమ్ము' అని విమర్శ రాశారు. ఆమె కోపం న్యాయమైనదే. ఆమె ఆపిన చోట మిగతావాళ్ళం అందుకోవలసింది. మూఢనమ్మకాన్ని పెంచని భయానక కథ ఎలా ఉంటుందో రాసి చూపించాల్సింది. మనం ఆ పని చేయలేదు. 'క్షుద్ర సాహిత్యం' అని ఒక ముద్ర కొట్టి, ఆ అరనంతా అమ్మకం సరుకు రాసేవాళ్ళకు వదిలేశాం. భయానకం, బీభత్సం రెంటినీ నవరసాల్లో కూర్చోబెట్టిన సంప్రదాయం మనది. అభ్యుదయం, విప్లవం, వాస్తవికత అని మాట్లాడిన మేం ఆ రెండు రసాలను సాహిత్యంలోంచి వెలివేశాం. భయం జనం మనసును ఎంత లోతుగా పట్టుకుంటుందో మార్కెట్‌కు తెలిసింది. మాకు తెలియలేదు, లేదా తెలుసుకోవడం చిన్నతనం అనుకున్నాం.

ఆ రోజుల్లో ఈ నేల మీద భయానికి కొదవ లేదు. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు దళితులను చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. పొలాల వెంట పరుగెత్తినవాళ్ళు, దాక్కున్న చోట దొరికిపోయినవాళ్ళు, తెల్లారి కూడా ఇంటికి వెళ్ళలేకపోయినవాళ్ళు అనుభవించిన భయం ముందు ఏ పిశాచం కథ నిలబడుతుంది? కవిత్వం ఆ భయాన్నీ ఆ ఆగ్రహాన్నీ పలికింది. 1995లో విజయవాడ నుంచి కవిత్వం ప్రచురణలు వేసిన దళిత కవితా సంకలనం 'చిక్కనవుతున్న పాట' పెద్ద పత్రికల దయ కోసం చూడకుండా వచ్చిన పుస్తకం. వచనంలో భయానకం రాస్తున్నవాళ్ళం మాత్రం పాడుబడ్డ బంగళాలోనే తిరుగుతూ ఉండిపోయాం. గుంపు తలుపు తట్టిన ఇంట్లోకి మన కథ అడుగు పెట్టలేదు.

దారి చూపినవాళ్ళు లేరని అనలేం. చందమామ దశాబ్దాల పాటు బేతాళ కథలు చెప్పింది. ఆ కథల్లో చెట్టు మీది శవంలో ఉన్న బేతాళుడు కోరలు చూపించడు. న్యాయం గురించి ఒక చిక్కు ప్రశ్న అడుగుతాడు. జవాబు తెలిసి కూడా చెప్పకపోతే తల పగిలిపోతుందంటాడు. పిల్లలప్పుడే మనకు అందిన పాఠం ఇది: దెయ్యం కథ ధర్మాధర్మాలు అడగగలదు. బెంగాలీలో మహాశ్వేతాదేవి 'బాయెన్' రాశారు. చనిపోయిన పసిపిల్లలను పూడ్చే పనిలో ఉన్న డోము కులపు స్త్రీని ఊరు మంత్రగత్తె అని వెలేస్తే, కన్నకొడుకు కూడా ఆమె నీడకు భయపడాల్సిన బతుకు ఎలా ఉంటుందో ఆ కథ చూపిస్తుంది. అమెరికాలో టోనీ మారిసన్ 1987లో 'బిలవెడ్' రాసి, బానిసత్వం చంపిన బిడ్డను దెయ్యంగా ఇంటికి రప్పించింది. ఆ దెయ్యం వెనక ఒక దేశపు చరిత్రంతా ఉంది. వీటిని మనం చదివాం, సభల్లో మెచ్చుకున్నాం. మన బాణామతి ఊళ్ళ మీద అలాంటి కథ ఒకటి రాయాలన్న బాధ్యత మనదేనని మాత్రం అనుకోలేదు.

మనం వదిలేసిన చోటును సినిమా నింపింది. 2021లో వచ్చిన 'మా ఊరి పొలిమేర' చేతబడి చేసేవాడు మన మధ్యే తిరుగుతున్నాడన్న మలుపు మీద నిలబడింది. 2023లో వచ్చిన 'విరూపాక్ష' చేతబడి నేరం మోపి జనం ఒక జంటను సజీవంగా తగలబెట్టడంతో మొదలవుతుంది. తెలుగు తెర మీద గుంపు హత్యను అంత సూటిగా చూపించిన సందర్భాలు తక్కువ. కానీ కథ ముందుకు పోయే కొద్దీ తర్వాతి చావులన్నీ ఆ జంట పగ ఫలితమేనని తేలుతుంది. అంటే ఊరి అనుమానం చివరికి నిజమైపోతుంది. ఆ సినిమాలు తీసినవాళ్ళ ప్రతిభను నేను శంకించడం లేదు. వాళ్ళు ఎక్కి వచ్చిన మెట్లు మేం కట్టినవి. గుంపును అనుమానించే కథల సంప్రదాయం మేం ఇచ్చి ఉంటే, వాళ్ళ కథ మరో వైపు తిరిగే వీలుండేది.

పత్రికలు మా చేతులు కట్టేశాయని చాలా కాలం చెప్పుకున్నాం. ఎడిటర్ కోరింది రాయకపోతే అచ్చు కాదన్నాం. ఆ సాకు కూడా పోయింది. 2020లో ఆంధ్రభూమి ఆగిపోయింది. నెలకో నవల ఇచ్చిన 'చతుర', దేశదేశాల కథలు తెచ్చిన 'విపుల' 2021లో మూతపడ్డాయి. అంతకు చాలా ముందే సొంత ప్రచురణకు దారులు తెరుచుకున్నాయి. 1980లో మొదలైన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ 'ఏడు తరాలు', 'ఎవరిదీ అడవి' లాంటి అనువాదాలతో, పెద్ద ప్రచురణకర్తలు ముట్టని పుస్తకాలకు కూడా పాఠకులుంటారని రుజువు చేసింది. 2010లో 'కినిగె' వచ్చాక ఈబుక్ వేయడం తేలికైంది. ఛాయ, ఆన్వీక్షికి లాంటి చిన్న సంస్థలు కొత్తవాళ్ళను తెచ్చాయి. 'ప్రతిలిపి'లో హారర్ కథలు రాసే కుర్రాళ్ళకు పాఠకులున్నారు. డీటీపీ చేయించి, మూడు వందలో అయిదు వందలో కాపీలు వేసుకునే స్థోమత మనలో చాలామందికి వచ్చింది.

ఆ స్వేచ్ఛతో ఏం చేశాం? పాత వారపత్రిక సీరియల్నే సొంత ఖర్చుతో మళ్ళీ రాశాం. అడిగే ఎడిటర్ లేడు కనుక ఎవరూ దిద్దకుండానే అచ్చేశాం. ఆవిష్కరణ సభకు పెట్టినంత డబ్బు కూడా ఎడిటింగ్‌కు పెట్టలేదు. ఒకరి పుస్తకానికి ఒకరం ముందుమాట రాసుకుని, ఒకరి సభలో ఒకరం వేదిక ఎక్కి, ఎవరి కథనూ ఎవరం నిలదీయలేదు. కొందరం కులం చూసి, ఊరు చూసి, వాదం చూసి పుస్తకం కొన్నాం. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా జనం కడుతూనే ఉన్నారు. ఆ డబ్బు ఎటు పోతోందో, మండల గ్రంథాలయానికి కొత్త పుస్తకం ఎందుకు రావడం లేదో రచయితలుగా ఒక్కటై అడిగామా? చేతబడి భయం ఇంకా బతికున్న ఊళ్ళకు మన పుస్తకం చేరకపోవడంలో మన పాలు ఉంది. మనం రాసింది మనకే అమ్ముకున్నాం.

ఇక వార్తల సంగతి. 2021 జనవరిలో మదనపల్లెలో చదువుకున్న తల్లిదండ్రులే మూఢవిశ్వాసంతో తమ ఇద్దరు కూతుళ్ళను చంపారు. ఆ ఇంటి మీద కెమెరాలు రోజుల తరబడి నిలిచాయి. మతి చలించిన మాటలను మళ్ళీ మళ్ళీ వినిపించారు. చదువు ఎందుకు కాపాడలేకపోయింది, మానసిక వైద్యం మన పట్టణాల్లో ఎవరికి అందుతోంది అన్న చర్చ సన్నగా జరిగి ఆగిపోయింది. ఏడాది తిరక్కుండానే, 2022 జనవరిలో జగిత్యాలలో మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో ఒక తండ్రినీ ఇద్దరు కొడుకులనూ కులసంఘం సమావేశం దగ్గరే చంపారు. ఆ వార్త ఎన్ని రోజులు నడిచింది? అందులో ఏ పార్టీకీ లాభం లేదు, ఏ నాయకుడికీ ఇబ్బంది లేదు. తెలుగునాట ఏ పత్రిక, ఏ చానెల్ ఏ పార్టీ పక్షమో పాఠకులకు కంఠతా వచ్చు. ఎదుటి పార్టీని కొట్టడానికి పనికిరాని చావు వాళ్ళకు చిన్న వార్త. రాసే మేం ఆ కొలతను ఒప్పుకున్నాం. ఆదివారం అనుబంధంలో కథ పడాలి కనుక, చర్చకు పిలుపు రావాలి కనుక, ఆ పత్రిక మౌనాన్ని ప్రశ్నించలేదు. బాబాలతో, జ్యోతిష్యులతో చర్చ పెట్టిన స్టూడియోల్లో రెండో వైపు కుర్చీలో కూర్చుని, అది సమాన చర్చ అన్న భ్రమకు మన ముఖం ఇచ్చాం.

మంత్రం, తాయెత్తు, కవచంతో రోగాలు నయమవుతాయని ప్రకటనలు ఇవ్వకూడదని 1954 నుంచే కేంద్ర చట్టం ఉంది. మన కథలు వచ్చిన పత్రికల్లోనే, కొన్నిసార్లు ఎదుటి పేజీలోనే, అలాంటి ప్రకటనలు చూశాం. వేయొద్దని రచయితలం ఒక్క ఉమ్మడి లేఖ రాయలేదు. మహారాష్ట్రలో నరేంద్ర దభోల్కర్ మూఢాచారాల మీద చట్టం కావాలని ఏళ్ళ తరబడి పోరాడి, 2013 ఆగస్టు 20న పుణేలో హంతకుల తూటాలకు బలయ్యారు. ఆ ఏడాదే అక్కడ చట్టం వచ్చింది. కర్ణాటక 2017లో చట్టం చేసింది. మంత్రగత్తె అన్న ముద్ర వేయడాన్ని నేరం చేస్తూ బిహార్ 1999లోనే, జార్ఖండ్ 2001లో చట్టాలు తెచ్చాయి. ఇన్ని చావులు చూసిన మన రెండు రాష్ట్రాలకూ అలాంటి ప్రత్యేక చట్టం లేదు. జన విజ్ఞాన వేదిక వాళ్ళు, హేతువాదులు అడుగుతూ వచ్చారు. చేతబడి కథ మీద పేరూ డబ్బూ సంపాదించుకున్న మనం వాళ్ళ వెనక నిలబడలేదు.

భయం కథ మానేయమని నేను చెప్పడం లేదు. మానేస్తే మళ్ళీ అదే తప్పు, ఆ చోటును మార్కెట్‌కు రాసిచ్చినట్టే. రాయాలి, ఇంకా ఒళ్ళు గగుర్పొడిచేలా రాయాలి. అయితే కథ కూర్చునే ఇల్లు మారాలి. ఊళ్ళో ఒక పిల్లాడికి జ్వరం వచ్చిందని తెలిసిన రాత్రి, తన మీదికి అనుమానం వస్తుందని ముందే గ్రహించిన ఒంటరి ముసలామె ఇంట్లో కూర్చుని రాయాలి. వైద్యుడు లేని ఊరు, రాత్రి ఎనిమిది తర్వాత బస్సు లేని ఊరు, గట్టు తగాదా, కులపెద్దల మాట, ఫోన్లలో తిరిగే వీడియో అన్నీ ఆ కథలో ఉండాలి. మెదక్‌లో, జగిత్యాలలో ఆ ఇళ్ళవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళ మాట వినడానికి వెళ్ళాలి. రాసింది దిద్దే ఎడిటర్‌కు డబ్బివ్వాలి, చిన్న ప్రచురణ సంస్థలు కలిసి అలాంటి పుస్తకాలను తక్కువ ధరకు పల్లె గ్రంథాలయాలకు చేర్చాలి, చట్టం కోసం రచయితలందరం పేరు పెట్టి సంతకం చేయాలి. ఏ పత్రిక ఏ పార్టీదో చూడకుండా, ఏ చావును ఎంత చిన్నగా వేసిందో రాసి చూపించాలి.

మనం రాసిన మంత్రగాడి కథ చదివి, పక్కింటి ముసలామెను అనుమానంగా చూసిన పాఠకుడు ఎక్కడో ఉండే ఉంటాడు. అతనికి మనం బాకీ ఉన్నాం. ఆమెకు అంతకంటే ఎక్కువ బాకీ ఉన్నాం. ఈ బాకీ క్షమాపణలతో తీరేది కాదు. గుంపులో నిలబడ్డ పాఠకుడు తన చేతిలోని కర్రను చూసి వణికే నవల ఒకటి తెలుగులో రావాలి. దాన్ని రాసే పని, అచ్చేసే పని, ఊరూరా చేర్చే పని మనదే.