ఏం చేయదండీ, రండి

మా ఇంట్లో మనుషులం ముగ్గురం, కుక్కలు నాలుగు. సంఖ్యాబలం వాటిది కాబట్టి పెత్తనమూ వాటిదే. ‘వాకింగ్’ అనే మాట మా ఇంట్లో పైకి అనడానికి వీల్లేదు. అన్నామా, నాలుగూ గుమ్మం దగ్గర బారులు తీరి గొలుసులు తెమ్మంటాయి. అందుకని కొన్నాళ్లు ‘నడక’ అన్నాం. పదిరోజుల్లో వాటికి తెలుగూ వచ్చేసింది. ‘విహారం’ అని చూశాం, అదీ పట్టేశాయి. ఇప్పుడు కనుసైగలతో నెట్టుకొస్తున్నాం.

గుండు లాబ్రడార్, తొమ్మిదేళ్లవాడు. కుక్కర్ మూడో కూత వేసేసరికి వంటింట్లో హాజరు. రాణి పొమెరేనియన్. పదమూడేళ్లు నిండాయి, కళ్లకు పొరలొచ్చాయి, అయినా సోఫాలో కుడిమూల దానిదే. చుట్టాలొస్తే చుట్టాలే లేవాలి. బుజ్జి, కర్రోడు మా వీధి చివర సిమెంటు తూములో దొరికిన తోబుట్టువులు. నల్ల ప్యాంటు వేసుకుని మా ఇంటికి రావద్దని స్నేహితులకు ముందే చెబుతాం. ఎవరి గిన్నెలో ఎంత పెరుగన్నం పడాలో మా అమ్మకు తెలిసినట్టు మరెవరికీ తెలియదు. ఒకప్పుడు కుక్కను గుమ్మం దాటనివ్వని మనిషి ఆవిడ. ఇప్పుడు దీపావళి రాత్రంతా రాణిని ఒళ్లో పెట్టుకుని, దాని చెవులు మూసి కూర్చుంటుంది.

ఇంత ముద్దుగా చెప్పుకునే ఇంటికి కూడా ఒక గుమ్మం ఉంటుంది. దానికి అవతల నిలబడ్డవాడికి ఈ ఇల్లు ఇలా కనబడదు.

కొన్నేళ్ల కిందట గ్యాస్ బండ తెచ్చినాయన తలుపు దగ్గరే ఆగిపోయాడు. గుండు తోక ఊపుతూనే మొరుగుతున్నాడు. “ఏం చేయదండీ, రండి” అన్నాను. ఆయన బండ కిందికి దించి, ప్యాంటు పైకి లాగి పిక్క చూపించాడు. మానిన పంటిగాట్లు, నాలుగు. “వాళ్లు గూడ గిట్లనే అన్నరు సార్, ఏం చెయ్యదని.”

ఆ తర్వాత ఆ మాట నా నోట రాలేదంటే అబద్ధం. చాలాసార్లు వచ్చింది. కుక్కలు పెంచేవాళ్లందరి ఊతపదం అది. లిఫ్టులో అంటాం, మెట్ల మీద అంటాం, పార్కులో పిల్లాడు తల్లి కొంగు వెనక దాక్కుంటుంటే నవ్వుతూ అంటాం. ఎదుటివాడి భయాన్ని చిన్నబుచ్చి, మన కుక్క మంచితనానికి మనమే పూచీ పడతాం. పూచీ మాటవరసకే. కాటు పడ్డాక నొప్పి వాడిది, పోయిన కూలీ వాడిది.

2023 జనవరిలో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో భోజనం పార్సిల్ తెచ్చిన కుర్రాడొకడు, ఆ ఇంటి జర్మన్ షెపర్డ్ మీదికి రావడంతో తప్పించుకోబోయి మూడో అంతస్తు నుంచి కిందపడ్డాడు. కొద్దిరోజులకు ఆసుపత్రిలో చనిపోయాడు. అదే ఏడాది మే నెలలో మణికొండలో పరుపు ఇవ్వడానికి వెళ్లిన ఇంకొకతను డాబర్‌మన్‌ నుంచి తప్పించుకోవడానికి మూడో అంతస్తు నుంచి దూకాడు. దెబ్బలతో బతికాడు. ఆ రెండూ వీధికుక్కలు కావు. పేర్లున్నవి, గిన్నెలున్నవి. ఆ ఇళ్లలోనూ వాటిని ప్రాణంగానే చూసుకుని ఉంటారు. మొదటి వార్త చదివి మనమందరం అయ్యో అనుకున్నాం. రెండో వార్త వచ్చేలోపు ఎన్ని గుమ్మాల దగ్గర ఏం మారిందో ఎవరికి వాళ్లం చెప్పుకోవాలి. మా గుమ్మం దగ్గరైతే ఏమీ మారలేదు.

కుక్క వైపు నుంచి చూస్తే దాని తప్పూ లేదు. రోజూ ఎవరో ఒకరు తలుపు దగ్గరికి వస్తారు. ఇది మొరుగుతుంది. వచ్చినవాడు పొట్లం చేతికిచ్చి వెళ్లిపోతాడు. వాడు వెళ్లింది పని అయిపోయి. కుక్క లెక్కలో మాత్రం తనే తరిమేసింది. రోజుకు మూడుసార్లు గెలిచే సైనికుడు నాలుగోసారి ఇంకాస్త ముందుకు ఉరుకుతాడు. పైగా పరుగెత్తేదాని వెంటపడటం కుక్క నెత్తుట్లో ఉంది, భయపడ్డ మనిషి ముందు చేసే పని పరుగెత్తడం. ఈ రెండూ ఎదురుపడే చోటు మన గుమ్మం. తెలివి అక్కరకు రావాల్సింది అక్కడే, ఆ తెలివి ఉండాల్సింది మనకే. వడ్రంగి చేత నడుమెత్తు అడ్డతలుపు ఒకటి పెట్టిస్తే చాలు. లేదంటే బెల్ మోగగానే కుక్కను గదిలో వేసి గడియ పెట్టే అలవాటు చేసుకున్నా చాలు. పిక్క కళ్లారా చూశాక కూడా ఆ అడ్డతలుపు పెట్టించడానికి నాకు ఏడాది పట్టింది. ఆ ఏడాదికి నా దగ్గర సంజాయిషీ లేదు.

గుమ్మం దాటి లోపలికి వచ్చేవాళ్ల సంగతి ఇంకా ఘోరం. మా ఇంట్లో పనిచేసే ఆవిడ మొదటి ఆరునెలలు చీపురును ఎప్పుడూ రెండు చేతులతో ఒంటికి అడ్డంగా పట్టుకుని నడిచేది. అది ఊడ్చే పట్టు కాదని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. భయమని ఎందుకు చెప్పలేదంటే, “చెబితే మాన్పిస్తరేమో అనుకున్న” అంది. నెలజీతంలో మనం ఆ భయాన్ని కూడా కొనేశాం, దానికి వేరే వెల కట్టకుండా. కుక్కను ఉదయం తిప్పేది వాచ్‌మన్, అది చేసిన దొడ్డి ఎత్తేది మునిసిపల్ చీపురు కార్మికురాలు, సాయంత్రం ఫోటో మాత్రం మనది. చాలా అపార్ట్‌మెంట్లలో కుక్కప్రేమ ఇలాగే నడుస్తోంది. ఒక పాత వార్తాపత్రిక ముక్క, ఒక సంచి జేబులో పెట్టుకుని బయల్దేరడానికి మనకు నామోషీ.

ఇక కాటు సంగతి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడమంటూ దాదాపు ఉండదు. కాటు పడగానే గాయాన్ని పారే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి, ఆ తర్వాత టీకాకు వెళ్లాలి. మా చిన్నప్పటి బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదుల రోజులు పోయాయి, ఇప్పుడు చేతికే వేస్తున్నారు. అయినా నాలుగైదు సార్లు వెళ్లాల్సిందే. ఈ టీకా వేసే నారాయణగూడ ఐపీఎం దగ్గర ఒక ఉదయం నిలబడి ఆ వరుసలో ఎవరున్నారో చూడండి. రోజుకూలీకి నాలుగుసార్లు వెళ్లడమంటే నాలుగు రోజుల సంపాదన. మన కుక్క కరిచినప్పుడు దాని టీకా కాగితం తీసుకుని, ఆటోకు డబ్బులు పెట్టుకుని, ఆ మనిషి వెంట మనలో ఎందరం వెళ్లాం? “టీకా వేయించాం, ఏం కాదు” అని తలుపు మూసుకున్నవాళ్లమే ఎక్కువ.

2025 ఆగస్టులో వీధికుక్కల మీద సుప్రీంకోర్టు ఉత్తర్వులు వచ్చినప్పుడు దేశం రెండుగా చీలింది. ఢిల్లీ వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమని 11న ఒక ధర్మాసనం అంది. టీకా వేసి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ ఉన్నవీ మీదపడేవీ తప్ప మిగతావాటిని పట్టిన చోటే వదలమని 22న మరో ధర్మాసనం మార్చింది. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు ఆ పదకొండు రోజులూ కురుక్షేత్రమే. నేనూ బాణాలు వేశాను. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల పిల్లాడిని కుక్కలు చంపేసిన సంగతి అటువైపువాళ్లు ఎత్తారు. ఆ పిల్లాడు ఒక వాచ్‌మన్ కొడుకు. అప్పుడు నాకు తోచిన సంగతి ఒకటుంది. ఈ గ్రూపులో వాదిస్తున్న మా ఎవరి పిల్లలూ రోడ్డు పక్క ఆడుకోరు. కుక్కల తరఫువాళ్లమూ, వ్యతిరేకులూ అందరం గేటు లోపలివాళ్లమే. గేటు బయటివాళ్లను ఎవరూ అడగలేదు.

ఆ వీధికుక్కల్లోకి మనం పంపినవీ ఉన్నాయన్న మాటా ఆ గ్రూపులో ఎవరూ ఎత్తలేదు. మెడలో పట్టీ గుర్తుతో, జబ్బు పడ్డ చర్మంతో, రోడ్డు దాటడం తెలియక వాహనాల మధ్య తికమకపడే జాతికుక్కను చూడనివాళ్లు హైదరాబాద్‌లో ఉండరు. కొడుకు అమెరికా వెళ్లాడని, కోడలికి నెల తప్పిందని, ఇల్లు మారామని, గోమార్లు పట్టాయని, ముసలిదైందని వదిలేస్తారు. చాలావాటిని కారులో తీసుకెళ్లే వదులుతారు, తిరిగి ఇల్లు వెతుక్కుంటూ రాకుండా.

1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ఇలా వదిలేయడాన్ని నేరమే అంటోంది. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను తిప్పకపోవడం కూడా అందులో నేరమే. ఆ చట్టం రావడానికి రాజ్యసభలో పట్టుబట్టింది నాట్యకళాకారిణి రుక్మిణీదేవి అరుండేల్. మొదటిసారి తప్పుకు జరిమానా పది రూపాయల నుంచి యాభై దాకా. అరవై ఏళ్లు దాటినా ఆ యాభై యాభైగానే ఉంది. మనకు సిగ్గనిపించే వెల ఏదో చట్టం రాయలేదు కాబట్టి ఆ సిగ్గు మనమే తెచ్చుకోవాలి.

కుక్కలవాళ్లం మాటకు ముందు ధర్మరాజును లాక్కొస్తాం. నన్నయ ఆదిపర్వం మొదట్లోనే, ఏ తప్పూ చేయని తన బిడ్డను కొట్టారని సరమ అనే కుక్క వచ్చి జనమేజయుణ్ని నిలదీస్తుంది. తిక్కన చేతిలో కథ ముగింపుకు వచ్చేసరికి స్వర్గం గుమ్మంలో కుక్క నిలబడి ఉంటుంది. ఆ గుమ్మం దగ్గర ధర్మరాజు ఏం చేశాడో మాత్రం మనం సరిగ్గా చదవలేదు. నమ్మి వెంటవచ్చిన దాన్ని వదలనన్నాడు, దానికి బదులుగా తన స్వర్గాన్నే వదులుకుంటానన్నాడు. ఆ ఖర్చు తన ఖాతాలోనే రాసుకున్నాడు. “ఏం చేయదండీ” అని ఇంద్రుడికి సర్దిచెప్పలేదు. మనమో, కుక్కను మన దగ్గర ఉంచుకుని ఖర్చు పార్సిల్ కుర్రాడి ఖాతాలో, చీపురు పట్టుకున్న ఆవిడ ఖాతాలో రాస్తున్నాం.

కుక్కలున్న ఇళ్లవాళ్లందరికీ నా మనవి ఇది. ఈ ఆదివారం మీ అపార్ట్‌మెంట్ మీటింగులో పార్కింగ్ గొడవకన్నా ముందు ఈ సంగతి ఎత్తండి. అవతలివాళ్లు ఎత్తేదాకా ఆగవద్దు. లిఫ్టులో గొలుసు పొట్టిగా పట్టుకుంటామని, టీకా కాగితాలు ఆఫీసు గదిలో పెడతామని, ఎవరి కుక్క దొడ్డి వాళ్లే ఎత్తుతామని మీ అంతట మీరే రాసివ్వండి. మీ ఇంట్లో పనిచేసే ఆవిడను ఒకసారి కూర్చోబెట్టి భయమేస్తోందా అని అడగండి. భయమని చెబితే జీతానికి ఏ ఢోకా లేదని ముందే చెప్పి అడగండి.

రాత్రి ఎనిమిదికి మీ బెల్ మోగుతుంది. కుక్కను గదిలో పెట్టి, గడియ వేసి, అప్పుడు తలుపు తీయండి.