అరవై క్రెడిట్లూ ఒక బొంతా

మా మేనకోడలు అమెరికాలో చదువుతోందని తెలియగానే ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న, "ఎం.ఎస్సేనా?" అని. "కాదండీ, ఎం.ఎఫ్.ఏ." అంటే రెండో ప్రశ్నకి కొంచెం వ్యవధి పడుతుంది. "అంటే బొమ్మలు వేయడమా? దానికి అంత దూరం వెళ్ళాలా?" అని నెమ్మదిగా అంటారు. పిల్లను పంపడానికి మా బావగారు ఇంటిస్థలం అమ్మారు గనక, ఆయన ఎదుట మాత్రం ఎవరూ అనరు.

మొన్నొక రాత్రి ఆ పిల్ల ఫోను చేసి, "మావయ్యా, నేను వచ్చేస్తాను. పనంతా అయిపోయింది గాని థీసిస్ రాయడం నావల్ల కావడం లేదు" అంది. పట్టాకి ఇక మూడు నెలలే ఉంది.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి, ఈ చదువు సంగతి నాకేం తెలుసు? దాని చేతనే చెప్పించుకున్నాను. చిత్రకళలోనూ శిల్పంలోనూ అక్కడ ఎం.ఎఫ్.ఏ.నే చివరి డిగ్రీగా లెక్కిస్తారట. ఈమధ్య కొన్నిచోట్ల పిహెచ్.డి. వచ్చినా, విశ్వవిద్యాలయంలో బొమ్మలు నేర్పడానికి ఇది చాలును. చదువు రెండేళ్ళు, కొన్నిచోట్ల మూడేళ్ళు. అరవై సెమిస్టర్ క్రెడిట్లకు తగ్గకూడదని అక్కడి కాలేజ్ ఆర్ట్ అసోసియేషన్ ప్రమాణం. దాన్ని 1977లో పెట్టుకున్నారు. అందులో ఎక్కువభాగం స్టూడియోలో చేతిపనికే పోతుంది. కళాచరిత్ర ఉంటుంది, సెమినార్లుంటాయి.

వీటన్నిటికంటె గట్టి పరీక్ష 'క్రిటిక్' అనేది. చేసిన పనిని గోడకి తగిలించి పక్కన నిలబడాలి. గురువులూ తోటివాళ్ళూ చుట్టూ చేరి తోచినదల్లా అంటారు. పెళ్ళిచూపులే అనుకోండి! కాకపోతే పెళ్ళివారు తమ అభిప్రాయం ఇంటికి వెళ్ళాక ఉత్తరం రాస్తారు. వీళ్ళు మొహంమీదే చెబుతారు. మొదటి ఏడాది మా పిల్ల రెండుసార్లు ఏడ్చిందట. అదీ దాటింది. ఇక మిగిలినవి చివరి ప్రదర్శన, దానికి తోడు రాతపూర్వకమైన థీసిస్, కమిటీ ఎదుట మౌఖిక పరీక్ష.

"బొమ్మ మాట్లాడాలని వాళ్ళే అంటారు. మాట్లాడే బొమ్మకి మళ్ళీ నా వ్యాఖ్యానం దేనికి?" అని దాని కోపం.

నిజానికి నాకా కోపం ముచ్చటగానే తోచింది. నేను తెలుగు ఎం.ఏ. పుచ్చుకున్నవాణ్ణి. ప్రబంధాలమీద పేజీలకి పేజీలు రాశాను. ఒక్క పద్యం చెప్పవోయ్ అని ఆ రెండేళ్ళలో ఎవరూ అడిగిన పాపాన పోలేదు. (అడగకపోవడం నా అదృష్టం.) దానిచేత ముందు పని చేయించి, ఆ తర్వాత రాయమంటున్నారు. నాకదే సరైన వరస అనిపించింది.

ఆ వరస కూడా ఊరికే వచ్చింది కాదు. కళాసృష్టినే పై డిగ్రీకి థీసిస్‌గా తీసుకుంటామని అయోవా విశ్వవిద్యాలయం 1922లో ప్రకటించింది. అక్కడ ఎం.ఎఫ్.ఏ. పొందిన తొలివారిలో ఎలిజబెత్ కాట్లెట్ ఒకరు, 1940లో. ఆమె నల్లజాతి వనిత, బానిసల మనుమరాలు. నల్లవారికి హాస్టల్లో చోటివ్వని రోజులవి. బయటే గది చూసుకుని చదువుకుంది. నీకు బాగా తెలిసినదాన్నే చెయ్యమని చిత్రకారుడు గ్రాంట్ వుడ్ ఆమెకు సలహా చెప్పాడు. ఆమెకు బాగా తెలిసింది తన జాతి ఆడవాళ్ళు. సున్నపురాతిలో తల్లినీ బిడ్డనూ చెక్కింది. అంతటితో ఊరుకోక, ఆ రాతిపనిమీద వ్యాసమూ రాసి ఇచ్చింది. ఆ ఏడే షికాగోలో జరిగిన నీగ్రో ప్రదర్శనలో ఆ శిల్పానికి మొదటి బహుమతి వచ్చింది.

ఇది చెప్పి, "ఇంతవరకు రాసింది చదువు" అన్నాను. చదివింది. తత్త్వవేత్తల పేర్లే ఆరో ఏడో దొర్లాయి. అది చేసిన పనేమిటో నాకు ఒక్క వాక్యంలోనూ కనబడలేదు.

"ఇంతకీ నువ్వు చేసిందేమిటమ్మా?"

"బొంతలు, మావయ్యా. పాత చీరలు పొరలు వేసి కుట్టాను. గోడంత ఉంటాయి."

"ఎవరు నేర్పారు?"

కాస్సేపు ఫోనులో చప్పుడు లేదు. "అమ్మే" అంది.

ఆ మాట థీసిస్‌లో ఎక్కడా లేదు. అడిగితే, "అది రాస్తే నవ్వుతారేమో" అంది. నవ్వితే నవ్వనీ, ముందు ఒక పేజీ రాసి చూడమన్నాను. వెనక చీర ఎందుకు మెత్తనిది వేస్తారో, అంచు ఎటు మడుస్తారో, చెయ్యి ఎక్కడ నొప్పెడుతుందో అదంతా రాయమన్నాను. ఆ తత్త్వవేత్తల్లో నిజంగా చదివినవాళ్ళని వెనకాల కూచోబెట్టవచ్చు.

తెల్లవారి గుంటూరు ఫోను చేసి అక్కయ్యకీ సంగతంతా చెప్పాను. పూర్తిగా విని, "బొంత కుడితే డిగ్రీ ఇస్తార్రా?" అంది. ఇస్తారు, అరవై క్రెడిట్లు కావాలన్నాను.

"క్రెడిట్ల మాట నాకు తెలీదు. అది కుట్టు దూరం దూరంగా వేస్తుంది, చిన్నప్పట్నించీ అంతే. దగ్గరగా వెయ్యమని చెప్పు" అంది.